ఆ బంగారపు పూస వెల ఎంత?



గడచిన సంవత్సరము మా సంఘంలో కోత పండుగ జరిగినది. మీ సంఘాలలో జరిగే విధముగానే ఒకరు కుంచెడు జొన్నలు, ఒకరు బుట్టెడు వంకాయలు, ఒక ముసలితల్లి కాళ్లు కట్టిన నాటుకోడి తెచ్చి బల్ల ముందు పెట్టారు. ఆరాధన ముగిసి, వేలంపాట అయిన తరువాత పెద్దలు కూర్చుండి కానుక పెట్టెలు లెక్కిస్తుండగా చిన్న కాగితపు పొట్లమొకటి బయటపడినది. విప్పి చూస్తే బియ్యపు గింజకంటె చిన్నదైన పసుపు పూస. కోశాధికారి దానిని అరచేతిలో వేసుకొని వెలుగు దగ్గరికి తీసుకొనిపోయి అటూ ఇటూ త్రిప్పి చూశాడు. మరునాడు కంసాలికి చూపిస్తే, "బంగారమే అయ్యగారూ. అయితే నగ కరిగించింది కాదు" అన్నాడు.

పొట్లము మీద పేరు లేదు. అయినా అది ఎవరిదో రెండు రోజులలో తెలిసినది. మా సంఘంలోని ఒక సహోదరుడు, ముప్పై ఏండ్లు నిండినవాడు, బోరు ఎండిపోయి, ఎడ్లను అమ్ముకొని, భార్యను, ఐదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని పట్నము చేరాడు. మొదట గచ్చిబౌలి వైపు మేడలు కట్టేచోట మట్టి మోశాడు. తరువాత పాత సామాన్ల వ్యాపారి దగ్గర కుదిరాడు. ఈ పూస ఎక్కడిదని మేము అడిగితే, "కంప్యూటర్లలకెల్లి తీసింది అయ్యగారూ. మా సేటు పండుగ ఇనాము కింద ఒక బుట్ట పాత బోర్డులు ఇచ్చిండు. అండ్లకెల్లి వచ్చిన మొదటి ముద్ద ఇది. దొంగిలించింది కాదు" అన్నాడు.

మేము సంతోషించాము. ఆ ఆదివారము బీద విధవరాలి రెండు కాసులను గూర్చి ప్రసంగించి, పేరు చెప్పకుండ ఈ పూసను కూడ ఉదాహరణగా చూపించాము. సంఘమంతా ఆనందించినది. కాని ఆ పూస ఎలా తయారైనదో, దానికొరకు ఎవరు ఏమి చెల్లించారో మేము అడుగలేదు. ఆ దినమున మేము అడుగని ప్రశ్ననే ఈ నెల మీ ముందు పెట్టుచున్నాము.

మేడలనుండి మురికివాడకు

హైదరాబాదులోని మాదాపూర్ ఒకప్పుడు రాళ్లగుట్టలు, సీతాఫలపు చెట్లు ఉన్న పల్లె. 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు అక్కడ సైబర్ టవర్స్ అనే పది అంతస్తుల భవనమును ప్రారంభించారు. హైటెక్ సిటీ అనే పేరుకు అదే మొదలు. అక్కడనుండి కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలు లేచినవి. 2023 నాటికి తెలంగాణలో సాఫ్ట్‌వేరు, దాని అనుబంధ ఉద్యోగాలు చేసేవారు తొమ్మిది లక్షలు దాటినట్లు ప్రభుత్వ లెక్క. మన సంఘాలనుండి చదువుకొన్న యౌవనస్థులు అనేకులు ఆ మేడలలో ఉన్నారు. వారి జీతములనుండి వచ్చిన దశమభాగముతోనే ఎన్నో పల్లె మందిరాలకు పైకప్పు పడినది. ఇందుకు దేవునికి స్తోత్రము.

అయితే కంప్యూటరు ఎద్దు వంటిది కాదు. పదిపన్నెండేండ్లు పని చేసి ముసలిదైతే కొట్టములో కట్టి మేపే వస్తువు కాదు. నాలుగైదేండ్లకే పాతదైపోతుంది. ఫోను అంతకంటె త్వరగా పాతబడుతుంది. అప్పుడు అది ఎక్కడికి పోవును? పెద్ద కార్యాలయాలు చట్టప్రకారము అనుమతి పొందిన వారికే ఇవ్వాలి. కాని ఇండ్లనుండి, చిన్న దుకాణాలనుండి, మరమ్మతు కొట్లనుండి, చేతులు మారిన వేలముల నుండి ఎంతో సరుకు తోపుడుబండి మీద పాత సామాన్లవాని దగ్గరికి చేరుతుంది. అక్కడ ఇనుము ఒక ప్రక్క, ప్లాస్టిక్ ఒక ప్రక్క, తీగలు ఒక ప్రక్క, ఆకుపచ్చని బోర్డులు ఒక ప్రక్క పోగుపడతాయి.

ఇది మన పట్నానికే పరిమితమైన సంగతి కాదు. 2022వ సంవత్సరంలో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడినదని ఐక్యరాజ్య సమితి సంస్థలు 2024లో లెక్క చెప్పాయి. అందులో నూటికి 22 పాళ్లు మాత్రమే సరియైన పద్ధతిలో తిరిగి వినియోగానికి వచ్చినట్లు ఆధారమున్నది. మన దేశంలో 2019–20లో 10 లక్షల టన్నులున్న ఈ చెత్త 2023–24 నాటికి 17 లక్షల టన్నులు దాటినది.

బంగారము అక్కడెందుకున్నది?

బంగారము తుప్పు పట్టదు, విద్యుత్తును చక్కగా పారనిస్తుంది. కాబట్టి కంప్యూటరు బోర్డు అంచులకు, చిప్పుల కాళ్లకు, వాటి లోపలి సన్నని తీగలకు బంగారము వాడతారు. ఆ పూత మన తలవెంట్రుకకంటె ఎన్నో రెట్లు పలుచన.

పది లక్షల ఫోనులను కరిగిస్తే సుమారు 34 కిలోల బంగారము వచ్చునని అమెరికా ప్రభుత్వ సంస్థల లెక్క. దానిని మన తూనికలోనికి మార్చి చూడండి. ఒక తులము, అనగా పది గ్రాములు కావాలంటే మూడు వందల ఫోనులు కావాలి. 2020 ఒలింపిక్ పోటీలకొరకు జపాను దేశము ప్రజల దగ్గరనుండి 62 లక్షల ఫోనులను, ఇంకా దాదాపు 79 వేల టన్నుల చిన్న యంత్రాలను సేకరించి, వాటినుండి 32 కిలోల బంగారము తీసి పతకాలకు వాడినది.

ఇది కొంచెమే కదా అనుకొనవద్దు. మన చిత్తూరు జిల్లానుండి తాతలు, ముత్తాతలు పనికి పోయిన కోలారు బంగారు గనులను జ్ఞాపకము చేసికొనండి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు త్రవ్విన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. చివరి దినాలలో అక్కడ టన్ను రాతిలో దొరికినది కొద్ది గ్రాములే. టన్ను పాత ఫోను బోర్డులలోనో రెండు మూడు వందల గ్రాములుంటుంది. 2025లో తులము ధర లక్ష రూపాయలు దాటిన తరువాత ఆ బోర్డులను వ్యాపారులు ఊరకనే వదులుతారా?

మేము కన్నులార చూచినది

క్రిస్మసుకు ఆ సహోదరుడు ఊరికి వచ్చినప్పుడు ఆరాధనలో కూర్చోలేకపోయాడు. దగ్గుతో మాటిమాటికి లేచి బయటికి పోయాడు. అతని కుమారుడు ముందటి ఏడు సండేస్కూలులో అందరికంటె ముందు కంఠతా వాక్యము చెప్పినవాడు, ఈసారి రెండు మాటలు పలికి నిలిచిపోయాడు. కడుపునొప్పి అని తల్లి ఒడిలోనే పడుకొన్నాడు. అప్పుడు మాకు అనుమానము కలిగి, ఫిబ్రవరి నెలలో పట్నములోని వారి నివాసమునకు వెళ్లాము.

పట్నపు అంచున రేకుల కప్పుతో ఒకే గది. దాని వెనుక గోడ కట్టిన ఖాళీ జాగా. సాయంత్రపు వేళ అక్కడ నిలబడి చూస్తే దూరముగా అద్దాల మేడలలో దీపాలు వెలుగుచున్నవి. గోడ లోపల గ్యాసు పొయ్యి మీద ఇనుప పెనము. దాని మీద బోర్డును రొట్టె కాల్చినట్లు త్రిప్పి త్రిప్పి వేడిచేసి, సీసము, తగరము కరిగిన తరువాత కటింగు ప్లేయరుతో చిప్పులను పీకుచున్నారు. ఆ పని చేయుచున్నది సహోదరుని భార్య. కొంగు ముక్కుకు చుట్టుకొన్నది. పిల్లవాడు ప్రక్కనే కూర్చొని పీకిన చిప్పులను రకాలవారీగా ఏరుచున్నాడు. వానికి అది ఆట.

ఆ మూల ప్లాస్టిక్ డ్రమ్ములో తేజాబ్ ఉన్నది. సాధారణముగా వాడే ఏ ఒక్క ఆమ్లములోను బంగారము కరుగదు. నత్రికామ్లము ఒక పాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లము మూడు పాళ్లు కలిపితే కరుగుతుంది. బడిపుస్తకాలలో దానికి ద్రవరాజము అని పేరు. చిప్పులను, అంచులను అందులో వేయగానే ఎర్రని మట్టిరంగు పొగ లేచినది. తరువాత వేరొక మందు వేస్తే బంగారము అడుగున బురదవలె దిగుతుంది. దానిని వడకట్టి, మూసలో పెట్టి, కుంపటిలో ఊదితే పూస తయారవుతుంది. కొన్నిచోట్ల ఆమ్లమునకు బదులు సైనైడు వాడతారు, కొన్నిచోట్ల పాదరసము వాడతారు. మిగిలిన ఆమ్లము ఎక్కడ పోస్తారని మేము అడిగితే సహోదరుడు గోడ మూలలో ఒక గుంట చూపించాడు. దానికి పదిపన్నెండు అడుగుల దూరములోనే ఆ వాడకంతటికీ నీళ్లిచ్చే బోరుబావి.

మేము కొంతసేపు మాటలాడలేకపోయాము. సహోదరుడు మా ముఖము చూచి తల దించుకొని, "అయ్యగారూ, అయితే నా కానుక దేవుడు ఒప్పుకోలేదా?" అని అడిగాడు.

శరీరము చెల్లించే వెల

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకముందు ఆ గదిలో జరుగుచున్న హాని ఏమిటో తెలిసికొనవలెను.

ఎర్రని పొగ నత్రజనికి సంబంధించిన విషవాయువు. పీల్చినప్పుడు కొంచెము దగ్గు, కండ్ల మంట మాత్రమే అనిపించవచ్చును. కాని కొన్ని గంటలు గడచిన తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణము మీదికి రావచ్చును. పగలు పని చేసి, రాత్రి బాగానే భోంచేసి, తెల్లవారేసరికి ఊపిరాడక ఆసుపత్రికి మోసికొనిపోయిన సంగతులు ఈ విధముగానే జరుగుతాయి. సైనైడు సంగతి చెప్పనక్కరలేదు. సైనైడు ఉన్న నీటిలో ఆమ్లము పడితే పుట్టే వాయువు నిమిషాలలో చంపుతుంది.

సీసము అలాగు తొందరపడదు. అది నెమ్మదిగా పని చేసే విషము. పాత బోర్డుల అతుకులలో మూడవ వంతుకు పైగా సీసమే. పాత డబ్బా టీవీల గాజులో ఒకటి నుండి మూడు కిలోల వరకు సీసముంటుంది. పెనము మీద లేచిన పొగలో, గాలికి లేచిన ధూళిలో అది కలసి గోడలకు, చాపలకు, అన్నపు గిన్నెలకు అంటుకొంటుంది. తండ్రి చొక్కా మీద ఇంటికి వస్తుంది. తల్లి ఆ చొక్కాను ఉతికేటప్పుడు ఆమె చేతులకు, బిడ్డను ఎత్తుకొన్నప్పుడు బిడ్డ నోటికి చేరుతుంది. పెద్దవారికంటె చిన్నపిల్లల శరీరము దానిని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకొంటుంది. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధకము, మందబుద్ధి, చదువులో వెనుకబాటు, చిరాకు దాని గురుతులు. గర్భిణికి గర్భము పోవచ్చును. ఇంతవరకైతే హాని లేదు అనదగిన మోతాదు సీసములో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

చైనా దేశంలో గ్వియూ అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు ప్రపంచపు కంప్యూటరు చెత్త ఎంతో అక్కడికి పోయేది. ఇంటింటా ఇదే పొయ్యి, ఇదే పెనము. అక్కడ ఆరేండ్లలోపు పిల్లల రక్తములో సీసము సగటున డెసిలీటరుకు 15 మైక్రోగ్రాములున్నట్లు వైద్యులు 2007లో ప్రకటించారు. ఐదు దాటితేనే అది ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకి ఆపవలెనని ఆరోగ్య సంస్థ సలహా. సీసముతో పాటు కాడ్మియము మూత్రపిండాలను, ఎముకలను పాడుచేస్తుంది. బెరీలియము ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. రాగికొరకు తీగలను కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లు పాలలోను, గ్రుడ్లలోను చేరి తరముల వరకు పోవు విషములు.

నేల, నీరు చెల్లించే వెల

గుంటలో పోసిన ఆమ్లము అక్కడే ఉండిపోదు. వానతో దిగి, రాగిని, సీసమును తనతో తీసికొని బోరునీటిలో కలుస్తుంది. ఈ మాట సంగారెడ్డి వైపు రైతులకు మేము చెప్పనవసరము లేదు. పటాన్‌చెరు, బొల్లారము ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోనికి వదిలినప్పుడు పొలాలు తెల్లబడి, బావినీళ్లు రంగు మారి, పశువులు చచ్చినప్పుడు, 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయినది. రైతులకు నష్టపరిహారము ఇప్పించినారు గాని చెడిన నేలను తిరిగి ఇప్పించడము ఏ కోర్టు వలనను కాలేదు. అక్కడ పెద్ద గొట్టముతో జరిగినది ఇక్కడ బకెట్లతో జరుగుచున్నది. గొట్టము కంటికి కనబడుతుంది, ఫిర్యాదు చేయవచ్చును. బకెట్లు కనబడవు.

కోలారులో గనులు మూతపడి ఇరువది ఏండ్లు దాటినను, బంగారము తీసిన తరువాత మిగిలిన సైనైడు మట్టి గుట్టలు ఇప్పటికిని ఊరి ప్రక్కన ఉన్నవి. ఎండకాలము గాలి వీచితే ఆ ధూళి ఇండ్లలోనికి వస్తుంది. బంగారము ఎక్కడెక్కడికో పోయినది. గుట్టలు కూలివాని పిల్లలకు మిగిలినవి.

ఇంత నష్టమునకు వచ్చిన లాభమైనా పూర్తిగా వచ్చుచున్నదా? అదియును లేదు. బెంగుళూరులో ఇటువంటి పెరటి పనివారిని పరిశీలించినవారు 2007లో వ్రాసినదేమనగా, వారు బోర్డులోని బంగారములో నాలుగవ వంతు మాత్రమే తీయగలుగుచున్నారు. మంచి కర్మాగారములో నూటికి 95 పాళ్లు వస్తుంది. అనగా ఆ తల్లి తన ఊపిరిని, బిడ్డ తెలివిని ఇచ్చి పొందినది పావు వంతు. మూడు పాళ్లు విషముతో కలసి గుంటలోనికి పోవుచున్నవి.

చట్టమున్నది, దారి ఉన్నది

మన దేశంలో ఈ చెత్తకు ప్రత్యేకమైన నియమాలు 2012 మే నెలనుండి అమలులోనికి వచ్చాయి. 2016లో వాటిని మార్చారు. ఇప్పుడున్నవి 2022 నియమాలు, 2023 ఏప్రిల్ 1 నుండి నడుచుచున్నవి. ఫోను, కంప్యూటరు, టీవీ, ఫ్రిజ్, వాషింగు మిషను మొదలైన 106 రకాల వస్తువులు వీటి క్రిందికి వస్తాయి. వస్తువు తయారు చేసిన కంపెనీయే అది పాతబడిన తరువాత సరిగా శుద్ధి జరిగే బాధ్యత వహించాలి. అనుమతి లేనివారు విప్పుట, కాల్చుట, ఆమ్లములో వేయుట నేరము. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఇందుకు తన విధానమును కూడ ప్రకటించినది.

సరియైన విద్య కూడ మన పట్నములోనే ఉన్నది. చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలోని శాస్త్రజ్ఞులు బోర్డులనుండి రాగి, వెండి, బంగారము, పల్లాడియము తీసే పద్ధతులను తయారు చేశారు. మంచి కర్మాగారములో మూసిన కొలిమి ఉంటుంది. పొగను పట్టి కడిగే యంత్రాలుంటాయి. వాడిన ఆమ్లమును తిరిగి శుద్ధి చేస్తారు. అందుకు ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టనివాడు బోర్డుకు ఎక్కువ ధర ఇవ్వగలడు గనుక సరుకు వానివైపే పోవుచున్నది. ఆ మిగిలిన ఖర్చు ఎవరు భరించుచున్నారో మేము ఆ గదిలో చూచాము.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

బంగారము చెడ్డది కాదు. ఆదికాండము రెండవ అధ్యాయములోనే హవీలా దేశపు బంగారము శ్రేష్ఠమైనదని వ్రాయబడియున్నది. కూలి చేసి తీసినవాడు కూడ దొంగ కాడు. అయితే తప్పు ఎక్కడ ఉన్నది?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెమీద చుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎవడైన పడి చచ్చినయెడల ఆ దోషము ఇంటివానిమీదికి వచ్చును. పడినవాడు చూచుకొని నడువవలసినదని దేవుడు అనలేదు. కట్టినవాడే ముందుగా ఆలోచించవలెనన్నాడు. యంత్రము చేసినవాడు, దానిని వాడి పారవేసినవాడు పిట్టగోడ కట్టకుండ క్రింద పడినవానిని నిందించకూడదు.

యెహెజ్కేలు 34వ అధ్యాయములో బలిసిన గొఱ్ఱెలను దేవుడు గద్దించుచున్నాడు. మంచి నీళ్లు త్రాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకచేసి, బక్కగొఱ్ఱెలు ఆ బురదనే త్రాగునట్లు చేసినందుకు ఆయనకు కోపము వచ్చినది. కొండాపూర్ మేడలో మినరల్ నీళ్లు త్రాగువాడును, పట్నపు అంచున ఆ బోరునీళ్లు త్రాగువాడును ఒకే మందలోనివారు. ఆదివారము ఒకే రొట్టె విరుచువారు.

మా మనస్సును ఎక్కువగా కలతపెట్టినది దావీదు సంగతి. రెండవ సమూయేలు 23వ అధ్యాయములో ఉన్నది. బేత్లెహేము బావి నీళ్లు కావలెనని దావీదు ఆశపడగా ముగ్గురు యోధులు శత్రువుల దండులోనుండి చొచ్చుకొనిపోయి తెచ్చారు. ఆ నీళ్లు చేతికి వచ్చినప్పుడు వాటిలో ఆ మనుష్యుల ప్రాణము దావీదుకు కనబడినది. ఆయన త్రాగలేక యెహోవా సన్నిధిని పారబోసినాడు. దావీదు వారిని గద్దించలేదు. వారి ప్రేమను తృణీకరించలేదు. ఇతరుల ప్రాణముతో తెచ్చిన దానిని తాను అనుభవించుటకు మాత్రము ఒప్పుకొనలేదు.

మా చేతికి ఆ పూస వచ్చినప్పుడు అందులో మాకు ప్రాణము కనబడలేదు. బంగారము మాత్రమే కనబడినది. ఇంకొక మాట దాచకుండ ఒప్పుకొనుచున్నాము. మూడేండ్ల క్రిందట మా మందిరపు పాత కంప్యూటరును, కాలిపోయిన యాంప్లిఫయరును మేమే పాత సామాన్లవానికి నాలుగు వందలకు అమ్మి, ఆ డబ్బును పండుగ చందాలో జమకట్టాము. ఆ కంప్యూటరు ఏ తల్లి పెనము మీద కాలినదో మేము ఎరుగము.

పూస ఏమైనది?

సహోదరునికి మేము ఇట్లు చెప్పాము: "తమ్ముడూ, దేవుడు నీ కానుకను త్రోసివేయలేదు. నీ హృదయమును చూచినాడు. అడుగవలసిన ప్రశ్న అడుగనిది మేము. ఆ తప్పు నీది కాదు."

ఊరికి వచ్చి పెద్దలను కూడబెట్టాము. ఒకరు, పూసను తిరిగి ఇచ్చివేయుదమన్నారు. ఇంకొకరు, ఇస్తే అతని మనస్సు విరుగుతుందన్నారు. చివరకు మా కోశాధికారి, "దావీదు పారబోసినాడు గదా, మనము ఆ బిడ్డ కొరకే పారబోయుదము" అన్నాడు. పూసను అమ్మితే రెండువేల రూపాయలకు కొంచెము పైగా వచ్చినది. దానికి సంఘము మరికొంత చేర్చి తండ్రికి ఛాతీ ఎక్స్‌రే, బిడ్డకు రక్తపరీక్ష చేయించాము. బిడ్డ రక్తములో సీసము 22 మైక్రోగ్రాములున్నది. వైద్యుడు చెప్పిన మొదటి మందు ఏమనగా, బిడ్డను ఆ స్థలమునుండి తీసివేయుట. తరువాత పాలు, రాగిజావ, ఆకుకూరలు, ఇనుము మాత్రలు.

బిడ్డయు తల్లియు ఇప్పుడు ఊరిలో నాయనమ్మ దగ్గర ఉన్నారు. నాలుగు నెలల తరువాత చేసిన పరీక్షలో సీసము 15కు దిగినది. జరిగిపోయిన నష్టమంతా తిరిగి వస్తుందని వైద్యుడు మాట ఇవ్వలేదు. సహోదరుడు పట్నములోనే ఉన్నాడు. అప్పు తీరలేదు. అయితే ఆమ్లము పని మాని, ఇండ్లనుండి పాత వస్తువులు కొని, విప్పకుండ, అనుమతి ఉన్న యార్డుకు అమ్ముచున్నాడు. ఆదాయము మునుపటికంటె తక్కువే. దగ్గు పూర్తిగా పోలేదు. వారికొరకు ప్రార్థించండి.

మనము చేయదగినవి

ప్రార్థనతో పాటు మన ఇండ్లలో, సంఘాలలో చేయదగిన పనులు కొన్ని ఉన్నవి.

మొదటిది, ఉన్న వస్తువును మరమ్మతు చేయించి ఎక్కువ కాలము వాడండి. ఇరుగుపొరుగు కొన్నారని క్రొత్తది కొనవద్దు.

రెండవది, పాత ఫోను, టీవీ, ఇన్వర్టరు, చార్జరు వంటివి విప్పకుండ, కాల్చకుండ ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చవద్దు, పొయ్యి దగ్గర పెట్టవద్దు. అనుమతి పొందిన సంస్థల జాబితా సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి దగ్గర దొరుకుతుంది. కొన్న కంపెనీవారిని కూడ తిరిగి తీసికొనుమని అడుగవచ్చును.

మూడవది, ప్రతి సంఘము సంవత్సరమునకు ఒకసారి, కోత పండుగనాడే, పాత ఎలక్ట్రానిక్ వస్తువులను ఒకచోట చేర్చి పంపవచ్చును. మా సంఘంలో ఈ సంవత్సరము ఆ పెట్టె పెట్టుచున్నాము.

నాలుగవది, మీ బంధువులలో ఈ పని చేయువారుంటే వారిని దూషించవద్దు. బోర్డులను కాల్చకుండ గుత్తగా అమ్ముకొనుమని చెప్పండి. ఇంటిలో ఆ పని వద్దని, గర్భిణులను, పిల్లలను దగ్గరికి రానీయవద్దని, స్నానము చేసి బట్టలు మార్చి గాని బిడ్డను ఎత్తుకొనవద్దని, పని చేసే చోట అన్నము తినవద్దని చెప్పండి. బిడ్డకు ఊరక కడుపునొప్పి, మందకొడితనము ఉంటే సీసము పరీక్ష చేయించండి.

ఐదవది, అద్దాల మేడలలో ఉద్యోగము చేయుచున్న మన కుమారులతో, కుమార్తెలతో ఒక మాట. మీ కార్యాలయములో పాతబడిన యంత్రము ఎవరి చేతికి పోవుచున్నదని ఒక్కసారి అడగండి. అడుగుట చిన్నపని. మేము దానినే చేయలేకపోయాము.

ఈ సంవత్సరము కోత పండుగకు మరల బల్ల ముందు జొన్నలు, గుమ్మడికాయలు వస్తాయి. ఆ పిల్లవాడు ఈసారి నాలుగు మాటల వాక్యము నేర్చుకొనుచున్నాడని నాయనమ్మ చెప్పినది. వాడు దానిని పూర్తిగా చెప్పగలిగితే మా సంఘమునకు అంతకు మించిన బంగారము అక్కరలేదు.

ప్రభువు మన కన్నులు తెరచి, మన చేతిలోని వస్తువు వెనుక ఉన్న మనుష్యుని చూడగల కృప మనకు దయచేయును గాక. ఆమేన్.